కెంపా, గార్నెటా? రెండు ఎర్రరాళ్లు, రెండు వేల ఏళ్ల కన్ఫ్యూజన్

ఇవాళ రాజులు, యుద్ధాలు కొంచెం పక్కన పెడదాం. రెండు ఎర్రరాళ్ల ముచ్చట చెప్తాను. కంగారు పడకండి, రాజులు మధ్యలో వాళ్లంతట వాళ్లే వచ్చేస్తారు.

దానిమ్మకాయ ఒలిచి రెండు గింజలు అరచేతిలో పెట్టుకున్నట్టు ఊహించుకోండి. ఒకటి కెంపు, అంటే మాణిక్యం, అంటే రూబీ. రెండోది గార్నెట్. అసలు గార్నెట్ అనే పేరే లాటిన్‌లో దానిమ్మకి వాడే మాట నుంచి వచ్చింది. రెండూ ఎరుపే, రెండూ మెరుస్తాయి, చేతిలో రెండూ ఒకేలా బరువుగా అనిపిస్తాయి. మామూలు కన్నుకి తేడా తెలియడం కష్టం.

కానీ మార్కెట్‌కి తెలుసు. 2023లో న్యూయార్క్‌లో జరిగిన ఒక వేలంలో 55.22 క్యారెట్ల కెంపు ఒకటి 3 కోట్ల 48 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. ఇగ గార్నెట్ సంగతి? దాన్ని టన్నుల లెక్కన ఇసుకలా తీసి శాండ్‌పేపర్‌కి అంటిస్తారు, వాటర్‌జెట్ మెషిన్లలో పోసి ఇనుము కోస్తారు. నగల్లో పెట్టే మంచి గార్నెట్ కూడా కెంపు ధరకి దరిదాపుల్లో ఉండదు.

మరి ఈ ముచ్చట మనకెందుకు? ఎందుకంటే మన ఇళ్లలో నాయనమ్మ కమ్మల్లో, అమ్మమ్మ నెక్లెస్‌లో "కెంపులు" ఉంటాయి. జాతకం చూపించుకుని "మాణిక్యం" ఉంగరం చేయించుకున్నోళ్లు ఉంటారు. అవసరం పడి అమ్మడానికి తీసుకెళ్లిన రోజు "ఇవి కెంపులు కాదమ్మా" అనే మాట వినాల్సి వస్తుంది. ఆ మాట విన్నోళ్లకి రాయి మీద కోపం వస్తుంది. నేను ఈ ఎపిసోడ్‌లో చెప్పాలనుకున్నది ఒక్కటే: తప్పు రాయిది కాదు, పేరుది. ఆ తప్పు పేరు వెనకాల మన తెలంగాణ నేల చరిత్ర కూడా దాగి ఉంది.

ఒక్క పేరు, పది రాళ్లు

క్రీ.శ. 77 ప్రాంతంలో రోమ్‌లో ప్లినీ అనే పెద్దమనిషి అప్పటికి లోకంలో తెలిసిందంతా ఒక పెద్ద గ్రంథంలో రాసి పెట్టాడు. ఈ ప్లినీ మనకి పాత చుట్టమే. ఆంధ్రులకి ప్రాకారాలున్న 30 పట్టణాలు ఉన్నాయి, లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు ఉన్నాయి అని రాసింది ఈయనే. ఆ 30 పట్టణాల గురించి మాట్లాడేటప్పుడు చరిత్రకారులు మన పక్కనున్న ధూళికట్ట, పెద్దబంకూరు, కోటిలింగాల పేర్లు చెప్తుంటారు. సుల్తానాబాద్ నుంచి బండి మీద పోయి చూసి రాగలిగినంత దూరంలో ఉన్న ఊళ్లు ఇవి.

అదే ప్లినీ, అదే గ్రంథం చివరి భాగంలో రత్నాల గురించి రాశాడు. అక్కడ ఎర్రగా నిప్పులా కనపడే రాళ్లన్నిటికీ ఒకే పేరు పెట్టాడు: కార్బంక్యులస్. అంటే చిన్న నిప్పు కణిక. అందులో కెంపూ ఉంది, గార్నెటూ ఉంది, ఇంకా వేరే ఎర్రరాళ్లూ ఉన్నాయి. వీటిలో రకాలు విడదీయడం చాలా కష్టమని ఆయనే ఒప్పుకున్నాడు. గాజుతో నకిలీలు చేస్తారు, సానరాయి మీద రుద్దితే బయటపడతాయి అని కూడా రాశాడు. అంటే 2,000 ఏళ్ల కిందటే డూప్లికేట్ దందా ఉంది, దాన్ని పట్టుకునే టెస్టింగూ ఉంది.

మన దగ్గర పద్ధతి కొంచెం వేరు. సంస్కృత రత్నశాస్త్ర గ్రంథాల్లో మాణిక్యాలకి పద్మరాగం, సౌగంధికం, కురువిందం అని రకాలు చెప్పారు. రంగులో ఛాయని బట్టి, మెరుపుని బట్టి ఈ విభజన. చాలా సూక్ష్మంగా చూశారు, కానీ అక్కడ కూడా పెత్తనం కంటిదే.

ఈ "కురువిందం" మాట గుర్తు పెట్టుకోండి. కెంపు ఏ ఖనిజమో దాన్ని ఇవాళ ప్రపంచమంతా కోరండమ్ అంటుంది. ఆ పేరు మన దక్షిణాది మాటే. తమిళంలో కురుందం, తెలుగులో కురువిందం. 1798లో చార్లెస్ గ్రెవిల్ అనే ఇంగ్లిష్ ఆయన ఆసియా నుంచి వచ్చిన ఈ రాయి మీద లండన్‌లో వ్యాసం ప్రచురించాడు. మనోళ్లు దీని పొడిని లక్కతో కలిపి సాన చక్రాలు చేసేవాళ్లు. ప్లినీ చెప్పిన సానరాయి పరీక్ష గుర్తుంది కదా? ఇక్కడ రత్నమూ అదే ఖనిజం, సానరాయీ అదే ఖనిజం.

గరీబ్‌పేట నుంచి అరికమేడు దాకా

ఇప్పుడు రెండో రాయి దగ్గరికొద్దాం. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట అని ఒక ఊరుంది. అక్కడి గుట్టలో గార్నెట్ ఉంది. అభ్రకం కలిసిన పొరల రాయి ఎండకీ వానకీ అరిగిపోతుంటే, అందులో ఉన్న గట్టి గార్నెట్ గింజలు విడిపోయి గుట్ట కింద మట్టిలోకి జారతాయి. ఏరుకోవడమే పని.

ఇక్కడి నుంచి నేరుగా లెక్కేస్తే సుమారు 600 కిలోమీటర్లు దక్షిణానికి వెళ్తే పుదుచ్చేరి పక్కన అరికమేడు వస్తుంది. 1945లో మార్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపిన పురాతన రేవు. రోమన్ కాలం కుండలు, ఆంఫొరాలు, లెక్కలేనన్ని పూసలు అక్కడ దొరికాయి. ఆ పూసల్లో గార్నెట్ పూసలు కూడా ఉన్నాయి. ముడి రాళ్లు, చెక్కగా మిగిలిన పెంకులు కూడా దొరికాయి. అంటే పని అక్కడే జరిగింది. మరి రాయి ఎక్కడి నుంచి వచ్చింది?

2017లో జర్నల్ ఆఫ్ జెమ్మాలజీలో దీని మీద ఒక అధ్యయనం వచ్చింది. కార్ల్ ష్మెట్జర్, ఆల్బర్ట్ గిల్గ్, జయశ్రీ పంజికర్, ఇంకొంతమంది కలిసి చేసిన పని. వాళ్లు అరికమేడు గార్నెట్లనీ గరీబ్‌పేట గార్నెట్లనీ పక్కపక్కన పెట్టి చూశారు. రసాయన కూర్పు, రాయి మధ్య నుంచి అంచు దాకా ఆ కూర్పు ఎలా మారుతుంది, లోపల ఏయే ఖనిజాలు చిక్కుకుని ఉన్నాయి, అవి ఎక్కడ గుమిగూడి ఉన్నాయి. సిల్లిమనైట్ అనే ఖనిజం సన్నటి సూదుల్లా రాయి లోపల ఉండటం అందులో ఒక గుర్తు. రెండు చోట్ల రాళ్లూ సరిపోయాయి. అరికమేడు గార్నెట్లకి పుట్టిల్లు గరీబ్‌పేట అని వాళ్లు తేల్చారు.

ఒక్కసారి ఆలోచించండి. పేరులోనే గరీబ్ ఉన్న ఊరు. అక్కడి మట్టిలో ఏరిన రాయి, సముద్రపు ఒడ్డున పూసై మెరిసింది.

ఆ తర్వాత కథ ఇంకా దూరం పోతుంది. క్రీ.శ. 5, 6, 7 శతాబ్దాల్లో యూరప్‌లో గార్నెట్ అంటే పిచ్చి. ఫ్రాంకుల రాజు ఛైల్డరిక్ సమాధి 1653లో బెల్జియంలోని టూర్నేలో బయటపడింది. అందులో బంగారం, గార్నెట్లతో చేసిన తేనెటీగలు ఉన్నాయి. 1939లో ఇంగ్లండ్‌లో సట్టన్ హూ దగ్గర ఓడతో సహా పూడ్చిన సమాధి దొరికింది. భుజాల మీద పెట్టుకునే క్లాస్పులు, పర్సు మూత, అన్నిట్లో గార్నెట్ పలకలే. ఆ కాలం ఫ్రాన్స్ నగల్లోని గార్నెట్లని పరీక్షిస్తే చాలా రాళ్లు భారతదేశం, శ్రీలంక వైపు నుంచి వెళ్లినవని తేలింది. గరీబ్‌పేట రాయే ఆ రాజుల సమాధుల్లోకి వెళ్లిందని నేను అనట్లేదు. గరీబ్‌పేటకి రుజువైన బంధం అరికమేడుతో. కానీ ఇవాళ మనం "చవక రాయి" అని పక్కన పడేసేదాన్ని ఒకప్పుడు రాజులు తమతో పాటు సమాధిలోకి తీసుకెళ్లారు. విలువ అనేది రాయిలో రాసిపెట్టి ఉండదు, కాలాన్ని బట్టి మారుతుంది.

మన దగ్గర గార్నెట్ ఎందుకు ఎక్కువ, కెంపు ఎందుకు తక్కువ?

దీనికి జవాబు వంట లాంటిది. సరుకులు ఏమున్నాయి, ఏం లేవు అన్నదే లెక్క.

మన ప్రాంతంలో దొరికే రకం గార్నెట్ పేరు ఆల్మండైన్. దానికి కావాల్సింది ఇనుము, అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్. ఈ నాలుగూ భూమి పైపొరలో కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. బంకమట్టి పొరలు లోతుకి దిగి, వేడికీ ఒత్తిడికీ గురైతే గార్నెట్ తయారవుతుంది. మన కరీంనగర్ ప్రాంతపు రాళ్లని జియాలజిస్టులు "కరీంనగర్ గ్రాన్యులైట్ టెర్రేన్" అంటారు. అంటే ఒకప్పుడు భూమి లోతుల్లో బాగా వేడెక్కి, తర్వాత పైకి వచ్చిన రాళ్లు. అందులోనూ గార్నెట్ ఉంటుంది, చాలా వరకు నగకి పనికిరాని రకం. మనం నడిచే నేల కిందనే ఈ వంట జరిగింది.

కెంపుకి కావాల్సింది అల్యూమినియం, ఆక్సిజన్ మాత్రమే. సింపుల్‌గా ఉంది కదా? అసలు చిక్కు అక్కడే ఉంది. పక్కన కావాల్సినంత సిలికా ఉంటే అల్యూమినియం దానితో కలిసిపోయి వేరే ఖనిజం అయిపోతుంది. భూమి పొరలో సిలికా లేని చోటు దొరకడమే కష్టం. దొరికినా, ఎరుపు రావాలంటే కొంచెం క్రోమియం కావాలి. రంగు వెలిగిపోవాలంటే ఇనుము తక్కువ ఉండాలి. ఇన్ని షరతులు ఒకే చోట కుదరడం అరుదు. బర్మాలోని మోగోక్‌లో పాలరాయి మధ్యలో అవి కుదిరాయి, అందుకే మోగోక్ కెంపులకి అంత పేరు. మన ఖమ్మం వైపు కూడా కోరండమ్ ఉంది, కానీ రత్నం స్థాయి కెంపు వేరే లెవెల్.

కాబట్టి ధరలో తేడాకి ఒక పెద్ద కారణం అందం కాదు, అరుదు.

గట్టిదనం, బరువు

ఇప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి స్పెసిఫికేషన్లు చూద్దాం, రెండు ఫోన్లు పోల్చినట్టు.

మొదటిది గట్టిదనం. 1812లో ఫ్రీడ్రిక్ మోస్ అనే జర్మన్ ఆయన 1 నుంచి 10 దాకా ఒక స్కేల్ పెట్టాడు. ఏ రాయి ఏ రాయి మీద గీత పెట్టగలదు అన్నదే లెక్క. 10 వజ్రం, 9 కోరండమ్, 8 టోపాజ్, 7 క్వార్ట్జ్. గార్నెట్ 7కి 7.5కి మధ్యలో ఉంటుంది. కెంపు 9. ఇది పరీక్ష మార్కుల లాంటిది కాదు, ర్యాంకుల లాంటిది. ఫస్ట్ ర్యాంకుకీ సెకండ్ ర్యాంకుకీ మధ్య ఎన్ని మార్కుల తేడా ఉందో ర్యాంకు చెప్పదు కదా. అట్లనే 7కీ 9కీ మధ్య అసలు తేడా అంకెల్లో కనపడేదానికంటే చాలా ఎక్కువ.

దీని ప్రభావం రోజువారీ జీవితంలో ఉంటుంది. మన రోడ్ల మీద లేచే దుమ్ములో క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి, అంటే 7. ఏళ్ల తరబడి వేలికి పెట్టుకున్న గార్నెట్ ఉంగరం అంచులు మెల్లగా అరుగుతాయి. కెంపు అంచులు పదునుగానే ఉంటాయి. పాత నగల్లో రాయి అంచులు భూతద్దంలో చూస్తే ఇది కొంత కథ చెప్తుంది. కానీ మీరు మాత్రం నాయనమ్మ కమ్మలు తీసి గీకి చూడకండి. గీత పడితే తిరిగి పోదు.

రెండోది బరువు, అంటే సాంద్రత. నీటితో పోలిస్తే ఎన్ని రెట్లు బరువు అన్న లెక్క. 11వ శతాబ్దంలో అల్ బిరూనీ ఈ పని చేశాడు. భారతదేశం గురించి పుస్తకం రాసిన ఆయనే. రత్నాలని నీళ్లలో ముంచి, ఎంత నీరు బయటికి నెట్టాయో కొలిచి, ఒకదానితో ఒకటి పోల్చాడు. వెయ్యేళ్ల కిందట, ఎలక్ట్రానిక్ తూకం లేకుండా. కంటిని పక్కన పెట్టి అంకెని నమ్మిన మనిషి.

ఆ పద్ధతి కెంపునీ స్పినెల్‌నీ విడదీస్తుంది. స్పినెల్ ఇంకో ఎర్రరాయి, దాని సాంద్రత 3.6 దగ్గర, కెంపుది 4.0. పర్షియన్‌లో కెంపుని యాకూత్ అనీ, స్పినెల్‌ని లాల్ అనీ వేర్వేరుగా పిలిచేవాళ్లు. యూరప్‌లో మాత్రం చాలాకాలం రెండూ రూబీలే. బ్రిటిష్ ఇంపీరియల్ స్టేట్ క్రౌన్ ముందు భాగంలో ఉన్న "బ్లాక్ ప్రిన్స్ రూబీ" అసలు రూబీ కాదు, స్పినెల్. మొఘల్ చక్రవర్తుల పేర్లు చెక్కి ఉన్న "తైమూర్ రూబీ" కూడా స్పినెల్. 1783లో ఫ్రాన్స్‌లో రోమే ద లిల్ అనే శాస్త్రవేత్త స్ఫటికాల ఆకారాన్ని బట్టి ఇవి రెండు వేరు ఖనిజాలని స్పష్టంగా విడదీశాడు.

మరి కెంపునీ గార్నెట్‌నీ? ఇక్కడ బరువు పరీక్ష చేతులెత్తేస్తుంది. ఆల్మండైన్ సాంద్రత 4 చుట్టుపక్కలే తిరుగుతుంది, కూర్పుని బట్టి కొంచెం అటూ ఇటూ. కెంపు 4.0. అంకె నమ్ముకుంటే అంకె కూడా మోసం చేసింది.

కాంతిని ఎంత వంచుతుంది అని చూద్దామా? టెన్త్‌లో వక్రీభవన గుణకం చదివారు కదా, ఇది అదే. కెంపుది 1.762 నుంచి 1.770. గార్నెట్ కూర్పుని బట్టి 1.75 నుంచి 1.82 దాకా ఉంటుంది. కొన్ని గార్నెట్లు సరిగ్గా కెంపు అంకెల మీదే వచ్చి కూర్చుంటాయి. రంగు ఒకటే, బరువు దాదాపు ఒకటే, మెరుపు దాదాపు ఒకటే. 2,000 ఏళ్ల కన్ఫ్యూజన్ ఊరికే రాలేదు.

వెలుతురు బయటపెట్టిన నిజం

తేడా ఉన్నది అణువులు పేర్చిన తీరులో. గార్నెట్ క్యూబిక్ స్ఫటికం. మూడు దిక్కులా ఒకేలా పేర్చి ఉంటుంది. కాంతి ఎటు నుంచి వచ్చినా ఒకే వేగంతో పోతుంది. కెంపు స్ఫటికంలో మాత్రం ఒక దిక్కు ప్రత్యేకం. అందులోకి వెళ్లిన కాంతి కిరణం రెండుగా చీలి, రెండు వేర్వేరు వేగాలతో ప్రయాణిస్తుంది. సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే, ఒక ఇన్‌పుట్‌కి గార్నెట్ ఒక అవుట్‌పుట్ ఇస్తుంది, కెంపు రెండు ఇస్తుంది. దీన్నే ద్వి వక్రీభవనం అంటారు.

కాంతి ఇలా చీలుతుందని 1669లో డెన్మార్క్‌లో బార్తోలిన్ గమనించాడు, ఐస్‌లాండ్ నుంచి వచ్చిన కాల్సైట్ రాయిలో. కెంపులో ఈ చీలిక చాలా చిన్నది, 0.008 అంత. కన్నుకి అందదు. 1808లో ఫ్రాన్స్‌లో మాలుస్ కాంతికి పోలరైజేషన్ అనే గుణం ఉందని కనిపెట్టాక దారి దొరికింది. ఒకదానికొకటి అడ్డంగా తిప్పిన రెండు పోలరైజర్ల మధ్య ఏ కాంతీ దాటదు, చీకటి. మధ్యలో గార్నెట్ పెట్టి తిప్పినా చీకటిగానే ఉంటుంది. కెంపు పెట్టి తిప్పితే ఒక చుట్టులో నాలుగుసార్లు వెలిగి ఆరుతుంది.

కెంపుకి ఇంకో గుణం, ఒక వైపు నుంచి చూస్తే ఊదా కలిసిన ఎరుపు, ఇంకో వైపు నుంచి నారింజ కలిసిన ఎరుపు. గార్నెట్ ఎటు చూసినా ఒకటే ఎరుపు. నక్షత్ర రాళ్లు కూడా అంతే. లోపల సన్నటి సూదుల్లాంటి ఖనిజాలు ఉన్నప్పుడు రాయి మీద నక్షత్రం కనపడుతుంది. కెంపులో ఆరు రేకులు, గార్నెట్‌లో ఎక్కువగా నాలుగు. లోపలి అమరిక బయటికి కనపడే తీరు అది.

ఇప్పుడు అసలు ఎరుపు ఎక్కడిది? గార్నెట్‌లో ఇనుము రాయి శరీరంలో భాగం. అది కాంతిని బాగా మింగేస్తుంది, అందుకే లావుగా ఉన్న ఆల్మండైన్ నల్లగా, మొద్దుగా కనపడుతుంది. సట్టన్ హూ కంసాలులకి ఇది తెలుసు. రాయిని పలుచటి పలకలుగా కోసి, వెనక గళ్లు ముద్రించిన బంగారు రేకు పెట్టారు. లోపలికి పోయిన వెలుతురు రేకుకి తగిలి వెనక్కి వస్తుంది, రాయి వెలుగుతుంది. ఆప్టిక్స్ పుస్తకం లేకుండానే ఆప్టిక్స్ చేశారు.

కెంపులో ఎరుపు క్రోమియం వల్ల. అది ఆకుపచ్చ కాంతిని మింగి, ఎరుపుగా తిరిగి బయటికి వదులుతుంది. అంటే కెంపు ఎర్రగా కనపడటమే కాదు, నిజంగా ఎర్రగా వెలుగుతుంది. 1960 మే 16న అమెరికాలో థియోడోర్ మైమన్ ఈ గుణాన్నే వాడి ప్రపంచంలో మొదటి లేజర్ వెలిగించాడు. అందులో ఉన్నది కృత్రిమ కెంపు కడ్డీ. దాని కాంతి 694 నానోమీటర్ల ఎరుపు. గార్నెట్‌లో ఇనుము ఈ వెలుగుని చంపేస్తుంది.

ఇంట్లో చేసి చూడొచ్చా?

చూడొచ్చు, విడి రాయి అయితే. మూడు పద్ధతులు చెప్తా.

ఒకటి, అయస్కాంతం. పాత హార్డ్ డిస్క్‌లో ఉండే బలమైన నియోడిమియం మ్యాగ్నెట్ తీసుకోండి. గిన్నెలో నీళ్లు పోసి, చిన్న థర్మోకోల్ ముక్క తేలించి, దాని మీద రాయి పెట్టండి. మ్యాగ్నెట్ తగలకుండా దగ్గరికి తెండి. ఆల్మండైన్‌లో ఇనుము ఉంది కాబట్టి తెప్ప మ్యాగ్నెట్ వైపు కదులుతుంది. కెంపు కదలదు, గాజూ కదలదు.

రెండు, ల్యాప్‌టాప్ ఎల్‌సీడీ స్క్రీన్. దాని నుంచి వచ్చేది పోలరైజ్డ్ కాంతి. తెల్ల పేజీ తెరిచి, పోలరైజ్డ్ కూలింగ్ గ్లాసెస్ పట్టుకుని స్క్రీన్ నల్లబడేదాకా తిప్పండి. మధ్యలో రాయి పెట్టి తిప్పండి. వెలిగి ఆరుతుంటే అది గార్నెట్ కాదు, గాజు కాదు, స్పినెల్ కాదు. ఒక వైపు నుంచి వెలగకపోతే రాయిని వేరే వైపుకి తిప్పి మళ్లీ చూడండి, ఎందుకంటే ఆ ప్రత్యేక దిక్కు నుంచి చూస్తే కెంపు కూడా చీకటిగానే ఉంటుంది.

మూడు, దొంగ నోట్లు చూసే యూవీ టార్చ్. చీకటి గదిలో వేస్తే ఇనుము తక్కువున్న కెంపు నిప్పులా వెలుగుతుంది. గార్నెట్ వెలగదు. కానీ వెలగనంత మాత్రాన కెంపు కాదని తేల్చకండి, ఇనుము ఎక్కువున్న కెంపులు కూడా మందంగానే ఉంటాయి. స్పినెల్ కూడా వెలుగుతుంది. ఒక్క టెస్ట్ పాస్ అయిందని కోడ్ లైవ్‌కి పంపం కదా, ఇదీ అంతే.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. 1902లో ఫ్రాన్స్‌లో వెర్నోయ్ మంటలో పొడి కరిగించి కృత్రిమ కెంపు తయారుచేసే పద్ధతి ప్రకటించాడు. అప్పట్నుంచి చవక కెంపులు మార్కెట్‌ని ముంచెత్తాయి. ఈ మూడు పరీక్షలూ కృత్రిమ కెంపు కూడా పాస్ అవుతుంది. ఎందుకంటే అది నకలు కాదు, ఖనిజపరంగా కెంపే. పుట్టింది మాత్రం ఫ్యాక్టరీలో. అంతకుముందే గాజు మీద పలుచటి గార్నెట్ పొర అంటించిన రాళ్లు కూడా వచ్చాయి. పైన భూతద్దం పెడితే నిజం రాయి, కింద రంగు గాజు.

అందుకే ఒక విషయం క్లియర్‌గా పెట్టుకోండి. గట్టిదనం, బరువు, కాంతి పరీక్షలు "ఇది ఏమిటి" అన్న ప్రశ్నకి జవాబిస్తాయి. "ఎక్కడ పుట్టింది" అన్న ప్రశ్నకి జవాబు రాయి కడుపులో ఉంటుంది. కృత్రిమ కెంపు లోపల పెరిగిన గీతలు వంపు తిరిగి ఉంటాయి, సహజ కెంపులో తిన్నగా ఉంటాయి. గరీబ్‌పేట గార్నెట్‌లో సిల్లిమనైట్ సూదులు ఉంటాయి. కొనేటప్పుడు "మచ్చ లేని రాయి కావాలి" అంటాం కదా, ఆ మచ్చలే రాయికి ఆధార్ కార్డు. అరికమేడు పూసలు ఇంటి అడ్రస్ చెప్పగలిగింది ఆ మచ్చల వల్లే.

చివరిగా

గార్నెట్‌ని గార్నెట్ అని చెప్పి అమ్మితే అది నిజాయితీ వ్యాపారం. అదే రాయిని కెంపు అని చెప్పి అమ్మితే మోసం. రెండు సందర్భాల్లోనూ రాయి ఒకటే, మారింది పేరు మాత్రమే. కాబట్టి బిల్లు మీద "స్టోన్" అని రాస్తే ఒప్పుకోకండి. ఖనిజం పేరు, సహజమా కృత్రిమమా, వేడి చేశారా, గాజు నింపారా, ఇవన్నీ రాయమనండి. పెద్ద మొత్తం పెడుతుంటే ల్యాబ్ సర్టిఫికెట్ అడగండి. ఇంట్లో పరీక్షలు మన కుతూహలానికి, డబ్బు విషయానికి ల్యాబే.

ఇంకో మాట. నవరత్నాల్లో గోమేధికం ఉంది కదా. ఇవాళ ఆ పేరుతో వాడే హెసొనైట్ కూడా గార్నెట్ కుటుంబమే. అంటే నవరత్న హారంలో మాణిక్యం పక్కనే గార్నెట్ కూడా దర్జాగా కూర్చుని ఉంది, తన సొంత పేరుతో.

కాబట్టి మీ ఇంట్లో కమ్మల్లో ఉన్నది గార్నెట్ అని తేలితే మొహం చిన్నబుచ్చుకోకండి. అమ్మినవాళ్లని అడగాల్సింది అడగండి. రాయిని మాత్రం వెలుతురుకి అడ్డంగా పట్టుకుని ఒకసారి తీరిగ్గా చూడండి. పుదుచ్చేరి రేవులో పూసలు చేసినవాళ్లు ఈ జాతి రాయి కోసమే తెలంగాణ గుట్ట దాకా చూపు సారించారు. కెంపు పేరు అరువు తెచ్చుకోవాల్సిన అవసరం దానికి లేదు.

ఇవాళ్టికి ఇంతే ఫ్రెండ్స్. మ్యాగ్నెట్ టెస్ట్ చేసినవాళ్లు ఏమైందో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కోటిలింగాల నాణేల దగ్గరికి పోదాం. ఉంటా మరి.